ఖల్ఫై ఎత్తుకోలేని పాదం

రోజూ తెల్లవారగానే ఖల్ఫై గుమ్మంలో నిలబడి యూదుల పవిత్ర గ్రంథంలోని ఒక పాత పాదం పాడి, ఆగేవాడు. తర్వాతి పాదం లోపల్నుంచి కూతురు తబీతా అందుకునేది. పొయ్యి ఊదుతూ పాడేది కనుక సగం మాటలు దగ్గులో పోయేవి. ఆ పిల్ల జ్వరంతో పోయి ఏడు నెలలైంది. ఖల్ఫై ఇప్పటికీ పాడతాడు, ఆగుతాడు. ఆగినంతసేపూ పక్కింటి షప్పీరా తిరగలి ఆపేస్తుంది. ఎందుకో ఎన్నడూ చెప్పలేదు, అతనూ అడగలేదు.

గలిలయ సరస్సు ఒడ్డున, ఆ ఊరి ప్రార్థనా మందిరానికి పాటలు కట్టేది అతనే. పాత మాటల్ని విప్పి కొత్తగా కుట్టడం అతని పని. ఎప్పుడో యెరూషలేము ఆలయం కూలిన రోజును తలుచుకుని ఏటా చేసే ఉపవాసానికి, ఈసారి పెళ్ళికూతురి అందాన్ని పొగిడే పాత పాటను తీసుకున్నాడు. అందులో ఆమె జుట్టు కొండ దిగే మేకలమంద. ఇతని పాటలో మంద దిగిపోయింది, కొండ బోడిగా మిగిలింది. అక్కడ చెక్కిలి దానిమ్మ చెక్క. ఇక్కడ నేల మీద పగిలిన కాయ. హీబ్రూ అక్షరమాలలో అక్షరానికొకటి చొప్పున ఇరవై రెండు చరణాలు, చెయ్యి ఆగకుండా వచ్చాయి.

చివర ఆగింది. ఎంత శోకగీతమైనా గ్రంథంలోని ఓదార్పు మాటతోనే ముగియాలి. పాటగాడు ఎత్తుకుంటే జనం అందుకోవాలి. ఆ మాటను ఖల్ఫై ఇప్పుడు నమ్మడం లేదు.

ఉపవాసం ముందురోజు మందిరం దీపాలు చూసుకునే యూదాన్ వచ్చాడు. "ఏం మామా, కాలేదా? నీ పాట పొడుగు తలుచుకుని నా కడుపు ఇప్పుడే ఏడుస్తోంది."

"చివరిది లేదురా."

"గ్రంథంలో ఓదార్పుకి కరువొచ్చిందా?"

"గ్రంథంలో రాలేదు. నాకొచ్చింది."

యూదాన్ నవ్వు ఆగిపోయింది. మెల్లగా అన్నాడు: "షప్పీరత్త కొడుకు సరస్సులో మునిగిపోయిన సంవత్సరం గుర్తుందా? నాలుగు రోజులు పచ్చి నీళ్ళు కూడా ముట్టలేదు. మందిరంలో నీ పాట చివరి మాట విన్నాకే ఇంటికెళ్ళి రొట్టె తుంచింది. రేపూ వస్తుంది మామా."

అతను వెళ్ళాక ఖల్ఫై మళ్ళీ కలం పట్టాడు. చివరికి అందరికీ కంఠతా వచ్చిన ఆ పాత ఓదార్పు మాటనే అడుగున రాశాడు. రాశాడే గాని, పెదవి దాకా తెచ్చుకోలేకపోయాడు. లేచి పక్కింటి గుమ్మం దగ్గరికెళ్ళాడు. తిరగలి ఆగింది.

"వదినా, రేపు చివర్లో నేను ఆగిపోతాను. నా కోసం చూడొద్దు. ఆ మాట నువ్వు ఎత్తుకుంటావా? కాస్త గట్టిగా, నాకు వినపడేలా."