నాలుగు గేర్లూ వెనక్కే

మా ఇంట్లో తాగుబోతు అంటూ ఎవరైనా ఉంటే అది మా మిలిటరీ లారీయే. పెద్దమందడి నుంచి వనపర్తి మార్కెట్ యార్డుకు పల్లికాయ బస్తాలు మోసుకెళ్ళి తిరిగొచ్చేలోపు పెట్రోలు ట్యాంకు ఖాళీ చేసేది. అంత తాగినా ఒంట్లో సత్తువ ఉండేది కాదు. దారిలో ఎత్తు ఎక్కాల్సి వస్తే సగంలో ఆయాసపడి ఆగిపోయేది. అప్పుడు వెనక కూర్చున్న మేమంతా దూకి టైర్ల కింద రాళ్ళు పెట్టాలి. నేనప్పుడు ఊరి బడిలో విద్యా వలంటీరును. పొద్దున ఏ పిల్లలకు ఎక్కాలు చెప్పానో, సాయంత్రం వాళ్ళ కళ్ళ ముందే కొంగు బొడ్లో దోపి లారీకి రాయి పెట్టడం ఎంత నామోషీగా ఉండేదో నాకే తెలుసు.

ఆ లారీని వేలంలో కొన్నది మా పెద్దనాన్న. మిలిటరీలో పదహారేళ్ళు అలాంటి బండే నడిపి వచ్చాడు. ఊరికొచ్చాక వ్యవసాయం చేతకాలేదు. నాగలి పడితే సాలు వంకర పోయేది. లారీ ఎక్కితే మాత్రం ఆయనకు సాటి లేదు. స్టార్ట్ చేసే ముందు బానెట్ మీద అరచేత్తో రెండుసార్లు మెల్లగా తట్టేవాడు. ఎంత కమ్మగా వండిపెట్టినా తనకో మంచి మాట రాదు గానీ ఆ ఇనుపముక్కకు మాత్రం రోజూ ముద్దులేనని అమ్మ దెప్పేది.

ఆ లారీతో వేగలేక నాన్నకు ఓపిక నశించింది. వనపర్తిలో ఒక తెల్లగడ్డం మెకానిక్ ఉండేవాడు, అందరూ ఉస్తాద్ అనేవారు. తుక్కుకు పోయిన లారీలోంచి తీసిన పెద్ద డీజిల్ ఇంజన్ తన దగ్గరుందని, అది ఎక్కిస్తే ఎత్తేం ఖర్మ, గుట్టే ఎక్కుతుందని ఆయన నాన్నను ఊరించాడు. పెద్దనాన్న ససేమిరా అన్నాడు. అన్నదమ్ములిద్దరూ ఒకే అరుగు మీద కూర్చుని, ఒకరి మాట ఒకరికి నాతో చెప్పించుకున్నారు, మూడు రోజులపాటు. నాలుగో రోజు నాకు తిక్క రేగి, మీ మాటలు మీరే మోసుకోండి, నేను లారీని కాదన్నాను.

అప్పుడు పెద్దనాన్న తమ్ముడి వైపు తిరిగాడు.

"ఇంటి బండి, నీ ఇష్టమున్నట్ల చెయ్. గని ఇంజన్ మారినంక నేను స్టీరింగ్ పట్ట. గంతే."

ఆయన అన్నాడంటే అన్నట్టే. నాకు దిగులు పట్టుకుంది. లారీ లేకపోతే ఆ మనిషి పొద్దంతా ఏం చేస్తాడు? లారీ నెల రోజులు వనపర్తిలో ఉస్తాద్ షెడ్డులో ఉండిపోయింది. రోజూ నున్నగా గడ్డం గీసుకుని తిరిగే పెద్దనాన్న ఆ నెలంతా కత్తి ముట్టలేదు. మంచం మీద కూర్చుని రోడ్డు చూసేవాడు. దూరంగా ఏదైనా లారీ గేరు మార్చిన చప్పుడైతే ఆయన ఎడమకాలు క్లచ్ తొక్కినట్టు కదిలేది.

షెడ్డులో పని మాత్రం జోరుగా సాగింది. కొత్త ఇంజన్ పట్టక బానెట్‌ను కోసి పైకి లేపారు. కందిరీగ కుట్టినట్టు లారీ ముక్కు వాచింది. ఇంత బలానికి పాత వెనక ఇరుసు ఆగదని, ఇంకో లారీ ఇరుసు తెచ్చి బిగించారు. ముందు చక్రాలను తిప్పే షాఫ్టు ఇక అక్కర్లేదని తీసి పారేశారు. ఇంజన్ ఆన్ చేస్తే గుండెలు అదిరేలా మోగింది. ఒకసారి రోడ్డు మీద తిప్పి చూస్తానని ఉస్తాద్ అడిగాడు. పూజ కాకముందు చక్రం కదలడానికి వీల్లేదని నాన్న పట్టుబట్టాడు. మొదటి అడుగు నిమ్మకాయల మీదే పడాలి మరి.

పూజ రోజు, పెద్దవాడివి నువ్వే కొబ్బరికాయ కొట్టాలని అమ్మ బతిమాలితే పెద్దనాన్న మాసిన గడ్డంతోనే షెడ్డుకు వచ్చాడు. కాయ కొట్టి పోయి గేటు దగ్గర నిలబడ్డాడు. ముందు టైర్ల ముందు నిమ్మకాయలు పెట్టారు. ఉస్తాద్ మొదటి గేరు వేశాడు. లారీ వెనక్కి పోయింది.

అలవాటు తప్పి రివర్స్ వేశాడనుకుని నవ్వాం. ఆయన సిగ్గుపడి రెండో గేరు వేశాడు. ఈసారి ఇంకా వేగంగా పోయి వెనకున్న పాత టైర్ల కుప్పను ఢీకొట్టింది. ఉస్తాద్ దిగి లారీ కింద దూరి చూసి నెత్తి కొట్టుకున్నాడు. ఇరుసు తలకిందులుగా బిగించారు. ఇంజన్ ముందుకు తొయ్యమంటే చక్రాలు వెనక్కి తిరుగుతున్నాయి. నాలుగు గేర్లూ వెనక్కి, ఉన్న ఒక్క రివర్స్ ముందుకు. విప్పి సరిచేయాలంటే సాయంత్రమవుతుంది. మంచి గడియ పావుగంటలో దాటిపోతుంది. నిమ్మకాయలు చెక్కుచెదరకుండా అక్కడే ఉన్నాయి.

నాన్న టైర్ల మీద కూలబడ్డాడు. అంత పట్టుదల మనిషి కళ్ళలో నీళ్ళు చూడటం అదే మొదటిసారి.

"అన్న మాట ఇనలే. గందుకే గిట్లయింది," అన్నాడు.

గేటు దగ్గర్నుంచి పెద్దనాన్న నడిచొచ్చాడు. వాచిన బానెట్ మీద రెండుసార్లు తట్టి, పైకెక్కి, రివర్స్ గేరు వేశాడు. లారీ బుద్ధిగా ముందుకు కదిలి నిమ్మకాయలను పచ్చడి చేసింది. ఆయన ఆపలేదు. గేటు దాటి రోడ్డెక్కాడు. ఉస్తాద్ కేకలు వేస్తూ వెంట ఉరికాడు. ఎదురొచ్చే వాళ్ళంతా మామూలు లారీ మెల్లగా పోతోందనుకున్నారు, పాపం. మలుపు దాకా పోయి, నాలుగో గేరులో ఎంతో హుందాగా వెనక్కి వచ్చి షెడ్డులో పెట్టాడు.

స్టీరింగ్ పట్టనన్నావు కదా బావా అని అమ్మ నవ్వింది.

"రివర్స్‌ల తోలిన. గది తోలుడు కింద రాదు," అన్నాడు. తర్వాత నాన్న వైపు చూసి, "ఇంజన్ గుంజుడు మంచిగున్నదిరా," అన్నాడు.

మర్నాడు పొద్దున్నే నేను వాకిలి ఊడుస్తుంటే, కిటికీ ఊచకు అద్దం తగిలించుకుని పెద్దనాన్న గడ్డం గీసుకుంటున్నాడు.