పట్టుచీరల మధ్య మైకు

ముందే చెప్పేస్తున్నాను: చీమ కనిపిస్తే దానికో తొండం తగిలించి మరీ ఇంట్లోవాళ్లకు చెప్పే రకం నేను. కాబట్టి కింద రాసిందంతా సగానికి మడిచి చదవండి.

అమెరికాలో మా క్యారీ ఊరి తెలుగువాళ్ల ఉగాది కార్యక్రమంలో ఏటా నాది కోరస్‌లో వెనక వరుస. నా ముందు నిలబడే ఆసామి ఒడ్డూపొడుగూ ఎంతంటే, ఆయన వెనక ఒక బస్సు ఆపినా సభకు కనిపించదు. ఈసారి సోలో పాట ఒక్కటే ఉందనీ, రికార్డు చేసి పంపితే విని ఎంచుతామనీ కమిటీ చెప్పింది. దానికి ఎదురింటి మిత్రుడు కూడా పోటీ. అలాంటివాడు తనంతట తానే వచ్చి, "బావా, కండెన్సర్ మైక్ తీసుకో. నీది మెత్తటి గొంతు. ఊపిరి కూడా క్లియర్‌గా క్యాచ్ చేస్తుంది" అన్నాడు.

పోటీదారుడికి నా ఊపిరితో ఏం పని? పైగా వాడి దగ్గరున్నది డైనమిక్ మైకు. నోటికి ఆనించి పాడాలి గానీ, పక్కన పిడుగు పడ్డా పట్టించుకోదు. ఇదేమిట్రా అంటే, "నాది అరుపు బావా, దానికిదే కరెక్ట్" అన్నాడు. వాడిలో ఇంత వినయం నేనెన్నడూ చూడలేదు. ఇంటర్నెట్‌లో రివ్యూలు తిరగేశాను. అందరూ వాడి మాటే అన్నారు. వీళ్లందరినీ వాడెప్పుడు మంచి చేసుకున్నాడా అనుకున్నాను. వాడి మైకే అడిగి పాడి చూస్తే నా గొంతు దుప్పటి ముసుగేసుకుని మూలిగినట్టు వినిపించింది. ఇక తప్పక కండెన్సరే కొన్నాను.

గొంతు మార్మోగకుండా, మా ఆవిడ పట్టుచీరలు వేలాడే క్లోజెట్‌లో దాన్ని నిలబెట్టాను. ఇన్ని పొరల కంచిపట్టు దాటుకుని బయటి చప్పుడు లోపలికేం వస్తుందిలే అని నా ధీమా. తలుపు మూసుకున్నారుగా, నా మాటలు వినపడవులే అని పడకగదిలో మా ఆవిడ ధీమా. ప్రాణం పెట్టి పాడాను. మళ్లీ వింటే ధైర్యం చాలదని, వినకుండానే పంపేశాను.

వారం తిరక్కుండా కమిటీ ఆవిడ ఫోన్ చేసింది. "అన్నయ్యా, మీ గొంతు అద్భుతం. సోలో మీకే!"

ఇంత తేలిగ్గానా? అనుమానమొచ్చి అప్పుడు ఆ రికార్డింగ్ పెట్టుకుని విన్నాను. పల్లవి కింద కుక్కర్ కూత. చరణంలో నేను ఊపిరి తీసుకునే సందులో మా ఆవిడ, ఫోన్‌లో వాళ్లక్కతో: "ఈసారి కూడా కోరస్‌లో పడేస్తే ఆయన బాగా డల్ అయిపోతారక్కా. రోజూ షవర్‌లో ప్రాక్టీస్ చేస్తున్నారు, పాపం."

మైకు చంకన పెట్టుకుని ఎదురింటికి ఉరికాను.

"మా ఆవిడ నామీద జాలిపడ్డ కబుర్లన్నీ కమిటీకి వినిపించావు కదరా!"

"ఊపిరి కూడా వినిపిస్తుందని ముందే చెప్పానా లేదా? ఇంతకీ సోలో ఎవరికొచ్చింది?"

"నాకే," అన్నాను, గొంతు తగ్గించి.

"మరింకేంటి నీ గోల! నేను పాడేటప్పుడు మా ఆవిడ గ్రోసరీస్‌కి వెళ్లింది. నా బ్యాడ్ లక్."

ఇక నేను కల్పించిన ముక్క. చీరలు, కుక్కరు, మా ఆవిడ మాటలు అన్నీ నిజమే. కమిటీ ఆవిడ మాత్రం నా గొంతు అద్భుతం అనలేదు. ఆవిడ అన్నది ఇంతే: "అన్నయ్యా, సోలో మీకే. వదినగారికి కూడా చెప్పండి."