ఏడు దెబ్బల క్రిస్మస్ పాట

మొన్న సత్తుపల్లి నుంచి వస్తుంటే వాన పట్టుకుంది. బస్సు వైపరు మూడుసార్లు చకచకా, నాలుగుసార్లు ఈడుస్తూ కొట్టింది. మళ్లీ అదే వరస. ఒళ్లో సంచి మీద నా వేళ్లు వాటంతటవే ఆడాయి. పక్కావిడ అనుమానంగా చూసింది. ఆవిడకు ప్రకాశం గారి గురించి ఎలా చెప్పను?

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో ఆయన అశ్వారావుపేట పామాయిల్ మిల్లులో బాయిలరు చూసుకునేవారు. ఆదివారాలు మా చర్చిలో పాటలు పాడే క్వయర్‌కు మాస్టరు. టీచర్ ట్రైనింగ్ చదువుతూ నేను అక్కడ కీబోర్డు వాయించేదాన్ని. ఎక్కడ దొరికిందో గాని, ప్రోగ్రెసివ్ రాక్ అనే ఇంగ్లీషు పాటల సీడీ ఒకటి ఆయన చేతికి చిక్కింది. ఒక్కో పాట ఇరవై నిమిషాలు. నెమ్మదిగా మొదలై, తాళం మార్చుకుని, మధ్యలో పూర్తిగా ఆగి, చివరికి మొదటి వరసే ఇంకో శ్రుతిలో తిరిగి వచ్చేది. ఇందులో పల్లవి ఏదని నేను అడిగితే ఆయనకు కోపం వచ్చింది.

"పల్లవి మాటిమాటికి రావాల్నని ఎవరు చెప్పిండ్రు బిడ్డా? బాయిలరు పొద్దున రాజేస్తే ఆవిరి ఎప్పటికో వస్తది. పాట గూడ గట్లనే."

ఆ ఏటి క్రిస్మస్‌కు ఆయనే అలాంటి పాట కట్టారు. నాలుగు భాగాలు. రెండోది ఏడు దెబ్బల తాళం, మూడు చకచకా, నాలుగు ఈడుస్తూ; దాని వెంట నిశ్శబ్దం. నన్ను మనసులో పద్నాలుగు లెక్కపెట్టి, అప్పుడు మూడో భాగం వాయించమన్నారు. పండుగ ఆరాధనలో ఏడు దెబ్బలు మొదలవగానే జనం చప్పట్లు తాళం తప్పి చెల్లాచెదురయ్యాయి. ఒకావిడ విసిగి, కొట్టబోయిన చప్పట్లను దండంగా మార్చేసింది. పాట ఆగింది. అయిపోయిందనుకుని పాస్టరు గారు లేచి ప్రార్థన అందుకున్నారు. అందరూ కళ్లు మూసుకున్నారు. నా లెక్క పదికి వచ్చింది. వాయిస్తే పాస్టరు గారికి అవమానం, మానేస్తే మాస్టరుకు ద్రోహం. ఆయన వైపు చూశాను. తల ఊపారు. పద్నాలుగో అంకె మీద రెండు చేతులతోనూ వాయించాను. పాస్టరు గారు మాట మధ్యలోనే కూర్చుండిపోయారు.

పాట నిజంగా ముగిశాక ఒక్కరూ కదల్లేదు. దగ్గు కూడా వినిపించలేదు. ఎంతసేపటికో పాస్టరు గారు ముందుకు వంగారు.

"ప్రకాశం బ్రదర్, అయిపోయిందా, ఇంక ఉన్నదా?"

మైకు ఆపడం మరిచిపోయారు. చర్చంతా నవ్వింది.

ఇకమీదట పాట ఐదు నిమిషాలు దాటకూడదని సంఘపెద్దలు తీర్మానించారు. మాస్టరు నొచ్చుకుంటారని భయపడుతూ వెళ్లాను. ఆయన మొహం వెలిగిపోతోంది.

"జూసినవా బిడ్డా, పాట అయిపోయినంక గూడ విన్నరు."

ఇప్పుడు నేను పర్ణశాల దగ్గర బడిలో పాఠాలు చెబుతున్నాను. చాలామంది పిల్లలకు ఇంట్లో భాష వేరు, పుస్తకంలో భాష వేరు. జవాబు చెబుతూ ఎవరైనా మధ్యలో ఆగిపోతే కూర్చోమనను. మిగతా క్లాసు ఎంత గోల చేసినా కదలకుండా నిలబడతాను. చాలాసార్లు అసలు జవాబు ఆ తర్వాతే వస్తుంది.