ఉషారాణి టీచర్ తిప్పేసే పేజీ

‘ఇలా జరిగితే అలా చేస్తాం’ అని చెప్పడానికి ఇంగ్లీషులో వాడే ‘వుడ్’ను నేర్పేటప్పుడు, ఉషారాణి టీచర్ ఉదాహరణలను బియ్యంలో రాళ్లేరినట్టు ఏరుతుంది. చుట్టాలొస్తే కోడిని కోస్తాం, సెలవిస్తే భద్రాచలం పోతాం వంటివే బోర్డు మీద రాస్తుంది. పుస్తకంలో ‘వరదొస్తే ఇల్లు మునుగుతుంది’ అన్న వాక్యం వస్తే మాత్రం, సుద్ద చేతిని కొంగుకు తుడుచుకుంటూ పేజీ తిప్పేస్తుంది. బూర్గంపాడు దగ్గర గోదావరి ఒడ్డున పుట్టిన మనిషి. ఎమ్మే చదివినా, చెడు మాట అంటే తథాస్తు దేవతలు వింటారన్న భయం పోలేదు.

మొన్నటి ముసురులో, పాఠం ముగించే తొందరలో, ఆ వాక్యాన్ని పైకి చదివేసింది. మర్నాడే గోదావరి పెరిగింది. ఏటిగడ్డ మీద ఉండే స్వరూప మూడు రోజులు బడికి రాలేదు. టీచరుకు అన్నం సయించలేదు. నాలుగోనాడు ఆ పిల్ల బురద కాళ్లతో వచ్చి నిలబడింది.

“ఇల్లేమైందే?”

“ఏం కాలే టీచర్. నీళ్లు గడపదాకొచ్చి మళ్లినయ్. హోంవర్కు రాసిన, చూడండి.”

నోటుబుక్కులో ‘వుడ్’తో ఒక్కటే వాక్యం ఉంది: వరదొస్తే మేమంతా టీచరింటికి పోతాం.

ఉషారాణి కుర్చీలో కూలబడి, గట్టిగా ఊపిరి వదిలింది. ఎర్రపెన్నుతో టిక్కు పెట్టింది.

“దానికి గోదారి రావాల్నా ఏంది? ఉత్తగనే రాండ్రి.”