పందుల జీతగాడు

మనిషి పందిని మచ్చిక చేసుకున్నాడని ఎవరన్నా అంటే జమ్మలమడుగు ఓబులేసుకు ఒళ్ళు మండేది. పందులే మనిషిని మచ్చిక చేసుకున్నాయని ఆయన సిద్ధాంతం.

“పొద్దున్నే లేసి కుడితి కలిపేదెవరు? నేను. తాగి పండుకునేదెవరు? అవి. ఎవరికెవరు జీతగాడో నువ్వే చెప్పప్పా,” అని దారిన పోయేవాళ్ళను నిలదీసేవాడు. కర్నూలు రాజధాని అయిన ఏడాది జనమంతా ప్రభుత్వం మారిందని చెప్పుకుంటుంటే, “నా దొరలు మాత్రం మారలేదు,” అన్నాడు.

ఈ గోల సుబ్బరత్నమ్మకు అసలు గిట్టేది కాదు. మొగుడు పోయిన మనిషి, రోషమెక్కువ. ఆమె చేను నిండా తుంగ అల్లుకుపోయింది. దున్నితే తెగిన ప్రతి గడ్డా మళ్ళీ మొలిచేది. వానల్లోగా తుంగ పోకపోతే శనక్కాయ విత్తే వీలుండదు. ఈసారి కూడా బీడు పెడితే, సేద్యం చేతకాదన్న వంకతో చేను మరిది చేతికి పోతుంది. ఆ దిగులుతో ఆమెకు కూడు సహించడం లేదు.

“తుంగగడ్డలంటే మా దొరలకు ప్రాణమమ్మా. తోలుకు రమ్మంటావా?” అన్నాడు ఓబులేసు.

“నా చేలో పందులా? ఛీ. నాకెవరి సాయమూ వద్దు.”

“ఛీ అనొద్దమ్మా. ప్రొద్దుటూరులో కంసాలి నీ గొలుసు తోమిన కుంచె ఏందనుకున్నావు? మా దొరల వీపు మీది వెంట్రుకలే.”

సుబ్బరత్నమ్మ ఆ పూటంతా గొలుసు తీసి పక్కన పెట్టింది.

మరునాడు పందులు చేలో పడ్డాయి. ఆ మరునాడూ అంతే. ఆమె కట్టె పుచ్చుకుని పోయేసరికి ఓబులేసు గట్టు మీద చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు.

“తోలుకోని పో.”

“చెప్పేదానికి నేనెవరమ్మా? జీతగాణ్ణి. దొరలు యాడికి పోతే నేనూ ఆడికే.”

ఆమె తిట్లన్నీ అయిపోయేదాకా ఆయన వింటూ నిలబడేవాడు. పందులు ఈలోగా తమ పని కానిచ్చేవి.

ఒకనాడు ఆమె తెల్లవారుతూనే చేనికి పోయింది. పందులింకా రాలేదు. ఓబులేసు ఒక్కడే వంగి, తుంగ దట్టంగా ఉన్న చోటల్లా ఒడిలోంచి జొన్నలు చల్లుతున్నాడు. తన సంగటికి దాచుకున్న జొన్నలు. పందులు సరిగ్గా అక్కడే ఎందుకు తవ్వుతున్నాయో ఆమెకు అప్పుడు తెలిసింది. చప్పుడు చేయకుండా వెనక్కి వచ్చేసింది. పొద్దెక్కాక కట్టె పుచ్చుకుని పోయి, ఎప్పటికన్నా గట్టిగా తిట్టింది.

వానలు పడ్డాయి. చేనంతా శనక్కాయ మొలిచింది. సుబ్బరత్నమ్మ సంగటీ, ఊరుబిండి పచ్చడీ తెచ్చి ఓబులేసు గుడిసె ముందు దించింది.

“నీకు కాదు ఓబులేసూ. మీ దొరలకు.”

ఓబులేసు వేలితో ఊరుబిండి నాకి చూశాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

“ఇంత కారం దొరలకు పడదే.”

“అందుకే వేసినా. తిను,” అని ఆమె కట్టె ఊపుకుంటూ వెళ్ళిపోయింది.