మూడుసార్లు పాడే పద్యం

మా చిన్నప్పుడు... రేపల్లెలో, మధ్యాహ్నం భోజనాలయ్యాక మా నాయనమ్మ వసారాలో చాప పరుచుకుని "ముల్లు పెట్టవే" అనేది. నేను ముక్కాలిపీట ఎక్కి రికార్డు ప్లేయర్ ముల్లు దించేదాన్ని. కాసేపు చిటపటలు... తర్వాత హార్మోనియం... ఆ తర్వాత నాటకం పద్యం.

పద్యం చివర నటుడు రాగం తీస్తాడు చూడండి, అక్కడ నాయనమ్మ కూర్చున్నచోటు నుంచే "వన్స్ మోర్!" అని అరిచేది. నేను ముల్లు ఎత్తి మళ్లీ మొదట్లో పెట్టాలి. అదీ నా ఉద్యోగం.

ఎందుకలా అరుస్తావని ఓసారి అడిగాను.

"చెరుకుపల్లిలో నాటకమాడితే మగాళ్లందరూ అరిచేవాళ్లే. మేం వెనక కూర్చుని నోరు మూసుకోవాలి. ఒక్కసారి నేనూ అరిచానని మీ తాతయ్య వారం రోజులు మాట్లాడలేదు. ఇది నా ఇల్లు... అరుస్తా!"

తర్వాత నేను ఆడవాళ్ల హక్కుల మీద ఎన్నో కరపత్రాలు చదివాను. వాటన్నిటికన్నా ముందు విన్నది ఆ మాట. పద్యం నచ్చిందని చెప్పడానికి కూడా ఒకరి అనుమతి కావాలా? ఇప్పుడు తలుచుకున్నా ఒళ్లు మండుతుంది.

ఓరోజు నా చెయ్యి జారింది. ముల్లు కర్రుమని గీసుకుంటూ పోయింది. ఏడుపు దిగమింగుకుని మళ్లీ పెట్టాను. రాగం దగ్గరకొచ్చేసరికి అదే ముక్క... మళ్లీ అదే... మళ్లీ అదే...

నాయనమ్మ పొట్ట పట్టుకుని నవ్వింది. "నేనడక్కుండానే పాడుతున్నాడే! ఇన్నాళ్లకి బుద్ధొచ్చింది వెధవకి!"

ఆ రోజు నుంచి అదే పద్ధతి. మూడుసార్లు వినేది. "ఇక పోనీవే" అనగానే నేను వేలితో ముల్లును కాస్త ముందుకు తోసేదాన్ని.

ఇప్పుడు అందరం తెనాలిలో ఉంటున్నాం. ఇల్లు చిన్నది. ప్లేయర్ మూలపడి ఏళ్లయింది. పోయిన నెల నాన్న రికార్డుల పెట్టె చూపించి, "ఇంకెన్నాళ్లే ఈ బరువు?" అన్నాడు. అన్నయ్య వెంటనే "ఫోన్లో అన్నీ ఉన్నాయి కదా" అని అందుకున్నాడు. వెతికితే ఆ పద్యం ఉంది, గొంతే వేరు. సగంలో రంగుల డబ్బాల ప్రకటన.

"వీడెవడే?" అంది నాయనమ్మ.

చివరికి నాన్న ఓ మెట్టు దిగాడు. "ఆ పద్యాన్ని సీడీ డిస్కులోకి ఎక్కించుకో. అది బాగుంటే ఈ పెట్టె పాత సామాన్లవాడికి." నేను సరేనన్నాను. ఎందుకన్నానో!

బాపట్లలో ఈ పని చేసే ఆయన ఉన్నాడంటే, రికార్డు ఒళ్లో పెట్టుకుని రైల్లో వెళ్లాను. వారానికి డిస్కు చేతిలో పెట్టి, "చిటపటలన్నీ తీసేశానమ్మా. మధ్యలో ఇరుక్కుంటోంది, అదీ సరిచేశా" అన్నాడు సంతోషంగా.

ఆదివారం పొద్దున డిస్కు పెట్టాం. నాయనమ్మ చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తోంది. గొంతు అదే. అద్దంలా ఉంది. రాగం దగ్గరకి రాగానే ఆవిడ చేతులు ఆగాయి...

పద్యం ఆగకుండా సాగిపోయింది.

"ఇదేంటి, పోతున్నాడు? ఇది మనది కాదా?"

"మనదేనమ్మా. బాగు చేయించాం" అన్నాడు నాన్న.

"ఎవరు చెయ్యమన్నార్రా?"

పెట్టె ఎవరికీ ఇవ్వొద్దని నేను గొంతు పెంచబోయాను. అవసరం రాలేదు. నాన్న తల దించుకున్నాడు.

ఫోన్ చేసి బాపట్లాయన మీద అరిచాను, నిజమే. పాపం ఆయన తప్పేముంది? మర్నాడు క్షమించమని అడిగి, ఏదీ తీయకుండా ఇంకో డిస్కు చేయమన్నాను. అది రేపల్లెలోనే ఉండిపోయిన అత్తయ్యకి.

ఫోన్లో పాటలు నేనూ వింటాను, అబద్ధం చెప్పను. కానీ ఫోన్లో పాటలిచ్చే కంపెనీ ఎప్పుడు తీసేస్తే అప్పుడు పోయే పాట మా ఇంటి పాటెలా అవుతుంది? అందుకే ప్లేయర్ బాగు చేయించాను. నా బట్టల అర ఖాళీ చేసి రికార్డులు సర్దాను. బట్టలు మంచం కిందకెళ్లాయి. అన్నయ్య నవ్వుతున్నాడు, నవ్వనీ. పెట్టె ఈ ఇల్లు దాటదు.

నిన్న మధ్యాహ్నం ముల్లు పెట్టాను. ఒకటి... రెండు... మూడు... "ఇక పోనీవే" అంది నాయనమ్మ.

ఇప్పుడు నచ్చిన పాట మళ్లీ వినాలంటే ఎవర్నీ అడగక్కర్లేదు, బటన్ నొక్కితే చాలు. ఇళ్లలో "వన్స్ మోర్" అని అరిచేవాళ్లే లేకుండాపోయారు...

మీ ఇంట్లో పాట ఎక్కడ ఇరుక్కునేది? ముల్లు తోసే ఉద్యోగం ఎవరిది?