సగం కోసిన కొమ్మ

లెక్కల మేస్టారు ఇంట్లో ఏ పనికీ మనిషిని పిలవరు. కుళాయి కారినా, ఫ్యాను ఆగినా చొక్కా చేతులు మడిచి తనే కూర్చుంటారు. పెరటి చెట్టు కొమ్మ పైకప్పు మీదికి వాలితే, "చెట్లు కొట్టే అతన్ని పిలుద్దామండీ" అని భార్య ఎంత పోరినా వినకుండా రంపం పట్టుకుని నిచ్చెనెక్కారు.

సగం కోసేసరికి కొమ్మ కిర్రుమంది. చూస్తే, నిచ్చెన పట్టుకున్న భార్య సరిగ్గా దాని కిందే ఉంది. ఆయనకు పైప్రాణాలు పైనే పోయాయి. మెట్టు దిగలేక మానును కావలించుకున్నారు. "తప్పుకో" అన్నారు. "వదిలితే మీరు పడతారు" అందావిడ. "అయితే అతన్నే పిలువు." ఆవిడ ఒంటిచేత్తో ఫోను చేసింది. అతను వచ్చేదాకా అరగంట ఇద్దరూ కదల్లేదు. వచ్చి, ముందు కొమ్మకు తాడు బిగించి, తర్వాత మేస్టారిని దించాడు. నిచ్చెనకు బిగుసుకుపోయిన భార్య వేళ్లను మేస్టారే ఒక్కొక్కటిగా విడదీశారు.